తలపాగా చుట్టే విద్య

ఊరూ పేరూ మనకెందుకు గానీ, ఒకానొక రాజ్యంలో రణగంధర్వుడనే మహారాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తనకు తెలియనిది లోకంలో లేదని గట్టి నమ్మకం. అలాంటివాడితో వేగడం ఎంత కష్టమో మీకు నేను వేరే చెప్పాలా?

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఏటా విజయదశమి కొలువుకు రాజు తలపాగా లేకుండా వచ్చి కూర్చునేవాడు. విద్యాపీఠంలోని ఒక్కో శాఖ పెద్దా వచ్చి, తమ పరిశోధనకు ఏం కావాలో విన్నవించుకునేవారు. అందరూ చెప్పుకున్నాక రాజు సభ ఎదుటే తన చేత్తో తానే పాగా చుట్టుకునేవాడు. చుట్టక ముందు ఆయన అన్నది ఉత్త మాట. చుట్టాక అన్నది శాసనం. ఇక ఏడాది తిరిగేదాకా బ్రహ్మ దిగివచ్చినా అది మారదు.

ఆ ఏడు వైద్యశాఖకు మూలికల తోట ఇస్తానన్నాడు రాజు. జ్యోతిశ్శాఖకు నక్షత్రాలు చూసే కొత్త మేడ కట్టిస్తానన్నాడు. ఆఖరికి బోధనాశాఖ వంతు వచ్చింది. పంతుళ్లకు పాఠం చెప్పడం నేర్పే శాఖ అది. దాని పెద్ద ఆచార్య కామసానమ్మ చేతులు జోడించి లేచింది.

"ప్రభూ, ఊళ్ల బడుల్లో పిల్లలు అక్షరాలు చకచకా నేర్చేసుకుంటున్నారు. గుణింతాల దగ్గరికి వచ్చేసరికి బెంబేలెత్తి బడి మానేస్తున్నారు. ఎక్కడ తడబడుతున్నారో మావాళ్లు బడుల్లో కూర్చుని గమనిస్తున్నారు. పని సగంలో ఉంది. ఎడ్లబండ్లు, తాటాకులు, మావాళ్లకు తిండిగింజలు ఈ ఏడు కూడా ఇప్పిస్తే..."

రాజు ఫక్కున నవ్వాడు. "పిల్లల వెనక కూర్చుని చూడటం కూడా పరిశోధనేనా అమ్మా? తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు వింటాడు. ఇందులో కనిపెట్టడానికేముంది?"

"ఆహా! ఎంత సూటిగా సెలవిచ్చారు ప్రభూ!" అని అందుకున్నాడు ప్రోలన మంత్రి. రాజు తుమ్మినా అందులో రాగం ఉందనే రకం ఆయన. "ఆ గింజలేవో గజశాలకు పంపితే ఏనుగులైనా బలుస్తాయి."

"సరే, పాగా చుట్టగానే ఆ శాఖ మూసేశామని ప్రకటిస్తాను. గుడ్డ తీసుకురండి!" అన్నాడు రాజు.

కామసానమ్మ మనుషులు ఎక్కడెక్కడి పల్లెల్లోనో ఉన్నారు. సగం పని అక్కడే వదిలేసి వచ్చేయండని వాళ్లకు ఏ నోటితో చెబుతుంది? బడి మానేసిన ఆ పిల్లల సంగతి ఇక ఎవరు పట్టించుకుంటారు? ఇంతలో పళ్లెంలో పాగా గుడ్డ రానే వచ్చింది.

సభలో మాచిరాజు అనే మాటకారి ఉండేవాడు. అతనికీ భయంగానే ఉంది. ఎందుకంటే, ఇంకోసారి నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావంటే పొలిమేర దాటిస్తానని రాజు అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. నోరు మూసుకుని కూర్చుందామనే అనుకున్నాడు పాపం. కామసానమ్మ ముఖం చూశాక కూర్చోలేకపోయాడు.

"ప్రభూ, చిన్న మనవి. తమలా పాగా చుట్టగలవాడు ఈ భూమండలంలో లేడు. తెలిసినవాడు చెబితే తెలియనివాడికి వచ్చేస్తుందన్నారు కదా. ఆ పాగా చుట్టడమేదో మంత్రిగారికి చెప్పండి. ఆయన చుట్టేసుకుంటే బోధనాశాఖతో పాటు నన్నూ దేశం దాటించండి."

"చుట్టుకోలేకపోతేనో?"

"అదెలా జరుగుతుంది ప్రభూ, తమరు చెబుతుంటేనూ!"

రాజు మీసం దువ్వుకున్నాడు. ప్రోలన మంత్రి ఉబ్బితబ్బిబ్బైపోయి ఇంకో గుడ్డ తెప్పించుకున్నాడు.

"ముందు చుట్టు," అన్నాడు రాజు. మంత్రి చుట్టాడు. గుడ్డ జారి మెడలో పడింది.

"అలా కాదయ్యా! బిగించి!" బిగించాడు. కళ్లు మూసుకుపోయాయి.

"ఇటు కాదు, అటు!"

"అటంటే ఎటు ప్రభూ?"

"అటంటే అటేనయ్యా!"

ఒకసారి మాత్రం పాగా నిజంగానే నిలబడేలా కనిపించింది. మాచిరాజుకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో మంత్రి దణ్ణం పెట్టబోయి తల వంచాడు, మొత్తం ఊడి పాదాల మీద పడింది.

"చూసి ఏడు!" అంటూ రాజు తన గుడ్డ అందుకున్నాడు. తీరా చుట్టబోతే ఏ చెయ్యి ముందో, ఏ మడత వెనకో తోచలేదు. రోజూ చుట్టే చేతులే, ఆలోచించి చుట్టమంటే మొరాయించాయి. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని గొణుగుతున్నాడు. రాజుకు చెమటలు పట్టాయి.

"నాకు వచ్చు! బాగా వచ్చు! చెప్పడమే రావడం లేదు!" అని అరిచాడు.

"కామసానమ్మగారు మందు వెతుకుతున్నది ఆ జబ్బుకే ప్రభూ," అన్నాడు మాచిరాజు మెల్లగా.

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. మాచిరాజు మనసులోనే మూటాముల్లె సర్దేసుకున్నాడు. అప్పుడు కామసానమ్మ ముందుకు వచ్చింది.

"ప్రభూ, పాగా సంగతి వదిలేయండి. నిన్న వేటలో ఏదో పెద్ద పంది ఎదురైందటగా, ఆ కబురు చెప్పండి. చేతులను వాటి మానాన వదిలేయండి."

వేట మాట ఎత్తితే రాజుకు ఒళ్లు తెలియదు. "అబ్బో, అదేం పందనుకున్నారు! పొద కదిలింది, నేను బల్లెం ఎత్తాను, అది..." ఒక్క క్షణం కథ ఆగింది. "...నా మీదికి దూకింది!" కథ సాగుతుంటే చేతులు వాటంతటవే పని కానిచ్చేశాయి. పంది చచ్చేసరికి పాగా పూర్తయింది.

'అయ్యో తల్లీ, ఎంత పని చేశావు!' అనుకున్నాడు మాచిరాజు. ఇక రాజు నోట వచ్చేదంతా శాసనమే మరి. మూసేశామని ఒక్క మాటంటే చాలు.

కామసానమ్మకూ ఆ సంగతి తెలుసు. అయినా మంత్రి వైపు తిరిగింది. "అయ్యా, గుడ్డ కొస పళ్లతో గట్టిగా పట్టుకోండి. ఆఁ, వదలకండి. ఇప్పుడు చుట్టండి."

మంత్రి చుట్టాడు. పాగా బిగిసి కూర్చుంది.

రాజు నోరు తెరిచాడు. "నేను పళ్లతో పట్టుకుంటానా?"

"రోజూ పట్టుకుంటారు ప్రభూ. ఇందాక కథ ఆగింది అందుకే. అది తమకే తెలియదు కనుక మంత్రిగారికి చెప్పలేదు. మా పంతుళ్లూ అంతే. గుణింతాలు బాగా వచ్చినవాళ్లే, ఎక్కడో ఒక మెట్టు చెప్పకుండా దాటేస్తున్నారు. ఆ పిల్లలేమో తాము మొద్దులమనుకుని ఏడుస్తూ ఇంటికి పోతున్నారు."

రాజు తన పాగా కొస తడిమి చూసుకున్నాడు. తర్వాత కొస కరిచిపట్టుకుని నిలబడ్డ మంత్రిని చూశాడు. ఇక ఆగలేక పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బోధనాశాఖకు బండ్లు, గింజలు, తాటాకులు అడిగినదానికి రెట్టింపు ఇస్తున్నాం. పరిశోధన పూర్తయ్యేదాకా ఏటా వచ్చి అడగనక్కర్లేదు. ఇది శాసనం. ఏం మంత్రీ, నువ్వేమంటావు?"

కొస ఎప్పుడు వదలాలో ఎవరూ చెప్పలేదు, నోరు తెరిస్తే పాగా ఊడుతుందేమోనని భయం. మంత్రి గుడ్లు మిటకరిస్తూ నిలబడ్డాడు.

రాజు తన మెడలోని హారం తీసి మాచిరాజు మెడలో వేశాడు. "నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావురా!" అన్నాడు నవ్వుతూనే. మాచిరాజు మనసులో సర్దుకున్న మూట విప్పేసుకున్నాడు.

"అమ్మా, విందుకు ఉండి వెళ్లు," అన్నాడు రాజు కామసానమ్మతో.

ఆవిడ పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంది. "క్షమించండి ప్రభూ, ఉండలేను. మొదటి బండి ఇప్పుడే ఇప్పించండి. పిల్లలు అక్కడ గుణింతాల దగ్గరే ఆగి ఉన్నారు."