పెరటి గుమ్మం పిన్ని

ఊఁ కొడుతూ వినాలి, తెలిసిందా? ఇది అసలే తికమక కథ. నీ ఊఁ ఆగిందంటే నేనూ దారి తప్పుతాను. మెల్లిగా కొట్టు తల్లీ, పక్కగదిలో మీ అమ్మా, చంటి తమ్ముడూ పడుకున్నారు.

అనగనగా ఉప్పుమడుల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నారు. చేతులు ఊరుకుంటే ఆవిడకి తోచదు. అందుకని ఏ ఇంట్లో చంటిపిల్లలున్నా ఎవరూ పిలవకుండానే వెళ్ళి సాయం చేసేది.

ఆ ఊరికే నీలవేణి అనే అమ్మాయి కాపురానికొచ్చింది. దానికి కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలే. కాదు కాదు, ఒక పిల్లా ఒక పిల్లాడూ. ఏమో, ఆ ఇంటికి వెళ్ళొచ్చినవాళ్ళే సరిగ్గా చెప్పలేకపోయేవారు, నాకేం తెలుస్తుంది. ఒకరు నిద్రపోతే ఒకరు లేచేవారు. మొగుడు తెల్లారకుండానే ఉప్పుమడులకి పోయేవాడు. అత్తగారు లేదు, అమ్మ లేదు. పాపం, నీలవేణి కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

అది విని వరహాలమ్మ గబగబా వెళ్ళి వీధి గుమ్మం ముందు నిలబడింది. "అమ్మాయ్, పిల్లల్ని ఇలా ఇయ్యి. నువ్వు కాసేపు నడుం వాల్చు" అంది.

అప్పుడు నీలవేణి ఏం చేసిందో తెలుసా? కాళ్ళకి నీళ్ళిచ్చింది. చాప వేసింది. "కూర్చోండి పిన్నిగారూ" అని పిల్లలిద్దర్నీ ఆవిడ ఒళ్ళో పెట్టి, పొయ్యి రాజేసి టీ పెట్టింది. ఇంటికొచ్చిన మనిషి చాప మీద కూర్చునుంటే ఇల్లాలు పడుకోవడమా? ఆ ఊళ్ళో అలాంటిది ఎవరూ ఎరగరు.

వరహాలమ్మకేమో ఆ టీ అక్కర్లేదు. కానీ వద్దంటే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని తాగింది. బొట్టు పెట్టించుకుని ఇంటికి వెళ్ళింది. ఇద్దరూ మర్యాదస్థులే. అదే వచ్చిన చిక్కు.

మర్నాడు చూస్తే నీలవేణి మొహం ఇంకా వాడిపోయి ఉంది. "ఇదేమిటి, సాయం చేశాను కదా" అని వరహాలమ్మ తికమకపడింది. తన ఒక్కదాని సాయం చాలలేదు కాబోలనుకుని, తోడుగా చెల్లెలు పైడమ్మని తీసుకెళ్ళింది. చెరో బిడ్డనీ ఎత్తుకుని జోలపాట పాడారు. నీలవేణి రెండు చాపలు వేసింది. టీతో పాటు ఉప్మా కూడా చేసింది.

ఆ తర్వాత నీలవేణి మరీ చిక్కిపోయింది. పాలు తగ్గాయి. పిల్లలు ఆకలికి ఒకటే ఏడుపు. "సాయం పెరుగుతోంది, పిల్ల తరుగుతోంది. ఏమిటే ఈ చోద్యం?" అంది వరహాలమ్మ. "దిష్టే అక్కా" అంది పైడమ్మ. అప్పుడు దిష్టి తీయడానికి ఎదురింటి ముసలమ్మని కూడా వెంటబెట్టుకెళ్ళారు. ముగ్గురొచ్చారు కదా అని నీలవేణి మూడు చాపలు వేసి, పకోడీలు వేయించింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

వాళ్ళెందుకు తిన్నారంటావా? వద్దనలేక తిన్నారు. మరి ఆ పిల్లెందుకు పెట్టింది? పెట్టకుండా ఉండలేక పెట్టింది. నాకూ అర్థం కాదు తల్లీ. పెద్దవాళ్ళు అంతే.

ఆ మర్నాడు వరహాలమ్మ ఒక్కతే వెళ్ళింది. వెళ్ళేసరికి వీధి తలుపు గడియ వేసి ఉంది. పట్టపగలు ఆ ఊళ్ళో తలుపులు వేసుకునేవాళ్ళు లేరు. లోపల పిల్లలిద్దరూ గుక్కపట్టి ఏడుస్తున్నారు. "అమ్మాయ్" అని పిలిచింది. పలుకు లేదు. ఇంటి చుట్టూ తిరిగి, దడి దాటి, పెరటి గుమ్మంలోంచి లోపలికెళ్ళింది.

నిన్నటి గ్లాసులు, నిన్నటి మూకుడు తోమకుండా పడి ఉన్నాయి. చాపలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. అన్నం గిన్నెలో మెతుకు లేదు. పొయ్యి మీద టీ నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడుతోంది. ఆ పక్కనే గోడకానుకుని నీలవేణి కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతోంది. దాని చీర కొంగు నిప్పుకి బెత్తెడు దూరంలో ఉంది.

వరహాలమ్మ కొంగు ఇవతలికి లాగింది, గిన్నె దించింది. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ పిల్లని పీక్కుతింటున్నది దిష్టి కాదు, నేనే అనుకుంది.

అలికిడికి నీలవేణి ఉలిక్కిపడి లేచింది. "పిన్నిగారూ, ఏమనుకోకండి. ఇవాళ మీకు మర్యాద చేసే ఓపిక లేక గడియ వేశాను. మళ్ళీ తప్పనిపించి టీ పెట్టాను. ఉండండి, చాప దులిపి వేస్తాను" అంది.

"నేను వీధిలోంచి రాలేదే. పెరట్లోంచి వచ్చాను. పెరటి గుమ్మంలోంచి వచ్చినదానికి చాపెవరు వేస్తారే?" అంది వరహాలమ్మ.

అప్పుడు నీలవేణి నిజంగానే తికమకపడింది. వీధి గుమ్మంలోంచి వస్తే చుట్టం. పెరటి గుమ్మంలోంచి వస్తే ఇంటి మనిషి. ఇంటి మనిషికి టీ పెట్టక్కర్లేదు. ఇంటి మనిషి ఉంటే పడుకోవచ్చు. "మరి మీరు చుట్టమా, ఇంటి..." అంటూనే చాప మీద ఒరిగిపోయింది.

వరహాలమ్మ దాని తల కింద దిండు పెట్టింది. పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని దాని పక్కలోనే పాలకి పెట్టి జోకొట్టింది. ఆ తర్వాత గిన్నెలు తోమింది, అన్నం వండింది, చారు కాచింది. నీలవేణి దీపాల వేళకి లేచి వేడన్నం తింటూ, "ఇంకాస్త చారు పొయ్యి పిన్నీ" అంది. అప్పటిదాకా ఎవర్నీ ఏమీ అడగని పిల్ల అది. వరహాలమ్మ అంత సంతోషం ఎప్పుడూ ఎరగదు.

అప్పట్నుంచి ఆ ఊళ్ళో చంటిపిల్లల ఇంటికి సాయానికెళ్ళేవాళ్ళంతా పెరటి దారినే వెళ్ళేవారు. పిల్లలు పెద్దయ్యాక నీలవేణి కూడా ఒక ఇంటికి బయల్దేరింది. బయల్దేరి ఏం చేసింది? మర్చిపోయి తిన్నగా వీధి గుమ్మంలోంచి వెళ్ళి చాప మీద కూర్చుంది. ఆ ఇంటి బాలింతరాలు టీ గ్లాసు తెచ్చేసరికి గుర్తొచ్చి, గబుక్కున లేచి, చెప్పులేసుకుని బయటికి పోయింది. ఏం తప్పు చేశానోనని ఆ పిల్ల గ్లాసు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడింది. అంతలో పెరట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది.

కథేమో కంచికి వీధి గుమ్మంలోంచి,
మనమేమో ఇంటికి పెరటి గుమ్మంలోంచి.
గిన్నెలు తోముదాం, చప్పుడు చెయ్యొద్దు,
అమ్మ నిద్దరోతోంది, ఎవ్వరూ లేపొద్దు.