తలా తోకా ఉన్న పంక్తి

మల్లవరం సంస్థానాన్ని ఏలే ఉద్దండ భూపతికి ఉన్నట్టుండి మర్యాదల పిచ్చి పట్టింది. విందుకొచ్చిన పొరుగు రాజు ఎవరో "మీ పంక్తిలో కూర్చుంటే వడగళ్ల వాన కురిసినంత చప్పుడండీ" అని నవ్వాడట. అంతే, మర్నాడే విరూపాక్షయ్య అనే ఆయన్ని పిలిపించి భోజన మర్యాదల అధికారిని చేసేశారు.

విరూపాక్షయ్యకి కావలసిందీ అదే. చారు జుర్రకూడదన్నాడు. వేళ్లు నాకకూడదన్నాడు. నోట్లో ముద్ద ఉండగా నవ్వితే పంక్తిలోంచి లేపేస్తానన్నాడు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరి రెండూ ఒక ఎత్తు. పంక్తికి తల రాజుగారు కనక, ఆయన ఆకు నిండుగా ఉంటేనే వడ్డించేవాడు కిందికి కదలాలి. ఆయన లేచారంటే ఎవరి ముద్ద ఎక్కడున్నా సరే, అందరూ లేవాలి.

రాజుగారేమో మహా తొందర మనిషి. గుర్రం మీద ఉన్నట్టే తింటారు. వడ్డించేవాడు నాలుగాకులు దాటేలోగా ఆయన ఆకు ఖాళీ.

"ఇటు!" అని విరూపాక్షయ్య కేక.

అన్నం బుట్ట వెనక్కి. తల పక్కనే తిష్ఠ వేసిన విరూపాక్షయ్యకి ఏ లోటూ లేదు. నడిమివాళ్లకి తలో గుప్పెడు. తోకలో ఉన్నవాళ్లకి వాసన.

ఆ తోకకి కొసన కూర్చునేవాడు గవరన్న. కబుర్లు చెప్పి రాజుగారిని నవ్వించడం అతని కొలువు. మొదటిరోజే చారు జుర్రి, పాపం, అక్కడికి చేరాడు. ముందే వడ్డించి ఉంచిన ఉప్పూ ఆవకాయా తప్ప అతని ఆకులో ఏదీ పడదు. ఇంటికెళ్లి అన్నం పెట్టమంటే భార్య చిట్టెమ్మ మూతి తిప్పేది.

"చాల్లెండి సరసం! రాజుగారి పంక్తిలో తినొచ్చి ఇంట్లో మళ్లీ అన్నమా? నలుగురూ వింటే అది కడుపా, చెరువా అంటారు."

పోనీ రాజుగారితోనే మొర పెట్టుకుందామంటే, ఏలినవారి అన్నానికి వంక పెట్టడం అమర్యాదని విరూపాక్షయ్య ఇంకో నియమం పెట్టి కూర్చున్నాడు. గవరన్న మొలతాడు రోజురోజుకీ వదులైపోతోంది.

ఒకనాడు కొలువులో రాజుగారు మీసం దువ్వుకుంటూ అన్నారు.

"మన పంక్తి మర్యాదల్లో లోపం చూపించినవాడికి ఏం కోరితే అది ఇస్తాను. చూపించలేకపోతే మాత్రం కొలువు వదిలి పోవాలి. ఉన్నారా ఎవరైనా?"

గవరన్నకి భయమేసింది. కొలువు పోతే చిట్టెమ్మకి మొహం చూపించలేడు. కానీ భయం కన్నా ఆకలి పెద్దది. లేచాడు.

"ఉంది ప్రభూ. కాకపోతే తల దగ్గర కూర్చున్నవారికి అది కనపడదు. ఇవాళ ఒక్కపూట తమరు నా చోట కూర్చోవాలి. మర్యాదలన్నీ తెలిసిన విరూపాక్షయ్యగారు తమరి చోట కూర్చోవాలి. నియమాలు మాత్రం ఎవరి కోసమూ సడలించకూడదు."

"రాజుగారు తోకలోనా? అపచారం, అపచారం!" అన్నాడు విరూపాక్షయ్య. అంటూనే పట్టుపంచె తెచ్చుకోవడానికి ఇంటికి పరుగెత్తాడు.

మధ్యాహ్నం ఆకులు పరిచారు. రాజుగారు కొసన కూర్చున్నారు, ఆయన పక్కన గవరన్న. అన్నం బుట్ట పట్టుకున్నవాడు రాజుగారి వంక చూసి తటపటాయించాడు.

"తల ఇక్కడుందయ్యా!" అని గదిమాడు విరూపాక్షయ్య.

ఇక చూడాలి ఆ తిండి! గుత్తివంకాయ కూరతో ఒక వాయి, పప్పూ నెయ్యితో ఒక వాయి, పులుసుతో ఇంకో వాయి. బుట్ట నాలుగాకులు దాటిందో లేదో "ఇటు!" అని కేక. బూరెల పళ్లెమైతే ఆయన దగ్గరే కాపురం పెట్టింది.

రాజుగారు చూసి చూసి, ఎవరూ చూడకుండా ఆవకాయలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నారు.

"తోకలో వేలు నాకుతున్నదెవరు?" అని తల దగ్గర్నించి విరూపాక్షయ్య కేక.

రాజుగారు గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకున్నారు. గవరన్న దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు.

అన్నం బుట్ట మళ్లీ బయల్దేరింది. ఈసారి ఇంకొంచెం ముందుకొచ్చింది. రాజుగారు ఆకు సర్దుకుని, ఆశగా మోకాళ్ల మీదికి లేచారు కూడా. అంతలో పంక్తి తల దగ్గర బ్రేవుమని పెద్ద త్రేన్పు వినపడింది. విరూపాక్షయ్య లేచి నిలబడ్డాడు. పంక్తి మొత్తం లేచింది.

"అదేమిటి, అన్నం ఏదీ?" అన్నారు రాజుగారు.

నిండు కడుపు, మూతలు పడుతున్న కళ్లు. తోకలో ఉన్నది ఎవరో విరూపాక్షయ్యకి ఎక్కడ గుర్తుంటుంది?

"అన్నానికి వంక పెడుతున్నదెవరు? తల లేచింది, తోక లేవాలి! లే!"

పెట్టిన నియమం పెట్టినట్టే ఉంది. చేసేది లేక రాజుగారు లేచారు.

"లోపం చూపిస్తానన్నావు కదా గవరన్నా?" అన్నారు కోపంగా. "ఎక్కడ? ఏదీ?"

సరిగ్గా అప్పుడే రాజుగారి కడుపు గుర్‌ర్‌ర్‌మని మూలిగింది. ఆ నిశ్శబ్దంలో వంటశాల దాకా వినపడింది.

గవరన్న చేతులు జోడించాడు.

"నేను చెబితే అమర్యాద ప్రభూ. తమ కడుపే విన్నవించుకుంటోంది."

రాజుగారు ఒక్క క్షణం తన పొట్టనీ, వరసలో నిలబడ్డ ఎండు మొహాల్నీ చూశారు. ఆ తర్వాత నవ్వారు చూడండి, ఆవకాయ పొలమారేంత నవ్వు! పంక్తంతా ఆ నవ్వందుకుంది.

"ఏం కావాలో కోరుకో గవరన్నా!"

"అన్నం ప్రభూ. తోక దగ్గర మొదలుపెట్టి వడ్డించమనండి."

"ఆకులు మార్చండి!" అని అక్కడే, ఆ కొసనే మఠం వేసుకు కూర్చున్నారు రాజుగారు. "విరూపాక్షయ్యకి తిన్నది అరగాలి. అన్నం బుట్ట అతని చేతికివ్వండి. ఈ కొసనించి ఆ కొసకి, ఆఖరివాడు కూడా ఇంక చాలు అనేదాకా తిరుగుతాడు."

బూరెల బరువుతో ఆయాసపడుతూ విరూపాక్షయ్య వంగి వడ్డించాడు. ఎప్పుడు చాలంటాడోనని ప్రతిసారీ గవరన్న మొహంలోకి ఆశగా చూశాడు.

"ఇటు!" అన్నాడు గవరన్న.