అడ్డుతెర మీద రెండో చిలక

కృపానందం మాస్టారికి ఒక అలవాటుంది. ఏ కొట్లో కంప్యూటరు పని ముగించినా ఆయన వెంటనే సంచీ సర్దుకుని లేచిపోరు. యజమానిని పిలిచి కుర్చీలో కూర్చోబెడతారు. అప్పటిదాకా తాను అమర్చినదాంట్లో ఏదో ఒకటి తానే చెడగొడతారు. ఒక తీగ ఊడబీకుతారు, లేదా ఒక ఫైలు మాయం చేస్తారు. ఆ తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, "నేను లేననుకోండి, ఇప్పుడు బాగుచెయ్యండి" అంటారు. ఆ మనిషి సొంతంగా దాన్ని మళ్ళీ దారిలో పెట్టేదాకా ఆయన గుమ్మం దాటరు.

మా పాలకొల్లులో చిన్నాచితకా వ్యాపారాలవాళ్ళు చాలామందికి కంప్యూటరు పెట్టించింది ఆయనే. అయినా ఈ అలవాటు మాత్రం కొందరికి ఒళ్ళుమంట. మందుల షాపాయన ఒకసారి, పని మీకు అప్పగిస్తే పరీక్ష నాకు పెడతారేంటండీ అని విసుక్కున్నాడు. పరీక్ష మీక్కాదండీ, నాకు అని మాస్టారు నవ్వేశారట. పాస్‌వర్డు కూడా యజమాని చేతే పెట్టిస్తారు. వాళ్ళు అది కొట్టేటప్పుడు తాను మొహం పక్కకి తిప్పుకుని కేలండరు కేసి చూస్తూ ఉంటారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆయన గదికీ నా జిరాక్సు కొట్టుకీ మధ్య ఒకటే గోడ. ఆయన బోర్డు పెట్టుకోలేదు. నా బోర్డు కింద ఖాళీ ఉంటే నేనే ఆయన పేరు రాయించి నా ఫోను నంబరు వేయించాను. అందుచేత ఊళ్ళో ఎవరి కంప్యూటరు మూలిగినా ముందు నా చెవినే పడుతుంది. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, ఆ మాత్రం హక్కు నాకుంది.

త్రిమూర్తులు ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాడు. ముప్పై దాటాయి, భీమవరంలో ఉద్యోగం మానుకుని వచ్చాడు. రేపోమాపో సొంతంగా ఇదే పని పెట్టుకోవాలని అతని ఆశ. పనిమంతుడు, అందులో మాటే లేదు. కాని ఎవరైనా మౌసు పట్టుకుని తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోలేడు. లాక్కుని క్షణంలో తానే చేసేస్తాడు. చూసినవాళ్ళు అబ్బో అంటారు, అతను లోపల్లోపల మురిసిపోతాడు.

ఒకనాటి సాయంత్రం ముగ్గురం టీ తాగుతుండగా త్రిమూర్తులు తన మనసులో నలుగుతున్న మాట బయటపెట్టాడు. బస్టాండు దగ్గర ఇదే పని చేసే ఇంకొకాయన ఉన్నాడు. ఆయన పాస్‌వర్డులన్నీ తన దగ్గరే అట్టేపెట్టుకుంటాడు. ఏ చిన్న పని పడినా ఆయన రావలసిందే. దాంతో ఆయన ఫోను మోగని పూట ఉండదు, ఆయన బండి దిగుతుంటే షావుకార్లు ఎదురొచ్చి కుర్చీ వేస్తారు. మాస్టారు నడిచి వెళుతుంటే పలకరించి ఊరుకుంటారు. త్రిమూర్తులు ఇదంతా చెప్పి, గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"అన్నీ వాళ్ళకే నేర్పేసి, తాళాలు కూడా వాళ్ళ చేతికే ఇచ్చేస్తే, రేపు మనతో పనెవరికుంటుందండీ మాస్టారూ? ఇందులో మన గొప్పేముందండీ?"

మాస్టారు టీగ్లాసు కడిగి బోర్లించి, తలుపు దగ్గరికి వేసి ఇంటికి వెళ్ళిపోయారు. ప్రశ్న మాత్రం నాకు నచ్చింది.

మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తుతుండగా ఫోను మోగింది. పెయింట్ల కొట్టువారి ఇల్లాలు మంగతాయారు గారు. ఆవిడ కూతురి పెళ్ళి ఆ మర్నాడే. పెళ్ళికి అడ్డుతెర కుట్టమని రత్నం కొట్లో ఇచ్చారు. పొద్దున కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఎక్కువ వోల్టేజీతో వచ్చి రత్నం కంప్యూటరు కాలిపోయింది. మాస్టారిని ఉన్నపళంగా పంపించమని ఆవిడ బతిమాలారు.

రత్నం ఒకప్పుడు కాలితో తొక్కే మిషను మీద జాకెట్లు కుట్టేది. ఈమధ్యే ధైర్యం చేసి కంప్యూటరు ఎంబ్రాయిడరీ మిషను కొంది. బొమ్మను కంప్యూటర్లో గీస్తే అది తీగ వెంట మిషనుకి చేరుతుంది, సూది ఆ ప్రకారం కుట్టుకుంటూ పోతుంది. కంప్యూటరు పోతే మిషనుకి కళ్ళు పోయినట్టే. పెద్దింటి పెళ్ళి పని ఆమెకి రావడం ఇదే మొదలు. అడ్డుతెర అంటే తెలుసుగా, జీలకర్రా బెల్లం పెట్టేదాకా పెళ్ళికొడుకుకీ పెళ్ళికూతురికీ మధ్యన పట్టుకునే తెర. మండపంలో ప్రతి కన్నూ దాని మీదే ఉంటుంది. ఆ తెర గుడ్డ కూడా కొన్నది కాదు. పెళ్ళికూతురి నాయనమ్మ తన పెళ్ళినాడు కట్టుకున్న పట్టుచీర. ఆవిడ ఇప్పుడు లేదు. నీ పెళ్ళికి నా చీర తెర కట్టించుకోవే అని మనవరాలికి చెప్పి పోయిందట. దాని మీద ఎదురెదురుగా రెండు చిలకలు, వాటి ముక్కున చెరొక మామిడిరెమ్మ ఉండాలి. ఎడమ చిలక ముందురోజు సాయంత్రం పూర్తయింది. కుడివైపు ఖాళీ.

ఒంటి చిలక ఉన్న తెరను పెళ్ళిపీటల మీద పట్టుకోవడం ఏ తల్లికి మనసొప్పుతుంది? పోనీ మరో గుడ్డ తెద్దామంటే నాయనమ్మ చీర ఇంకొకటి లేదు. తప్పు కుట్టి విప్పుదామన్నా పాతపట్టు, సూది పడిన చోటల్లా కన్నం మిగిలిపోతుంది.

త్రిమూర్తులు సామాన్ల సంచీ భుజాన వేసుకుని మాస్టారిని బండెక్కించుకున్నాడు. నేనూ షట్టరు దించేసి వెనకే వెళ్ళాను. నాకక్కడ పనేమీ లేదు, చూడాలని వెళ్ళానంతే.

మేము వెళ్ళేసరికి రత్నం నేల మీద కూర్చుని, అటక మీంచి దించిన పాత కంప్యూటరుకి దుమ్ము తుడుస్తోంది. అది అమ్మెయ్యొద్దు, పనికొస్తుంది అని కొత్తది కొన్ననాడే మాస్టారు చెప్పారు. పక్కన అరచేతిలో పట్టే నల్లటి డిస్కు ఉంది. రోజూ కొట్టు కట్టేసేముందు ఆనాటి పనంతా అందులోకి ఎక్కించి, వెనకవీధిలో తోటికోడలి ఇంట్లో పెట్టి రావడం ఆమెకి మాస్టారు పెట్టిన నియమం. కంప్యూటరూ దాని నకలూ ఒక కప్పు కింద ఉండకూడదని ఆయన పట్టు. అంతకుముందు ఆ తోటికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. రోజూ డిస్కు ఇచ్చి పుచ్చుకోవడంలో మొహమొహాలు చూసుకోక తప్పక, ఈమధ్య కూరలు కూడా ఇచ్చిపుచ్చుకుంటున్నారు.

మమ్మల్ని చూసి రత్నం సంతోషించలేదు సరికదా, మీకెవరు కబురు చేశారండీ అని కాస్త చిన్నబుచ్చుకుంది. నేనే చేశానని, అప్పటికే అక్కడికి వచ్చి కూర్చున్న మంగతాయారు గారు అన్నారు. ఈలోగా త్రిమూర్తులు సంచీ దించి, మౌసు మీద చెయ్యి వెయ్యబోయాడు. మాస్టారు అతని భుజం పట్టి వెనక్కి లాగారు. తర్వాత తన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.

"నేను లేననుకోమ్మా రత్నం."

మంగతాయారు గారికి మతి పోయింది. ఇదేం చోద్యమండీ, పిలిస్తే వచ్చి లేననుకోమంటారేంటి, అక్కడ నా కూతురి పెళ్ళి అని ఆవిడ మొత్తుకున్నారు. మాస్టారు తలవంచుకుని విన్నారు తప్ప కదల్లేదు. రత్నం మాత్రం ఆ మాట వింటూనే కొంగు బిగించి కుర్చీలో కూర్చుంది. పాత కంప్యూటరు మూలుగుతూ లేచింది. పాస్‌వర్డు కొట్టింది, డిస్కు తగిలించింది, మిషను తీగ దీనికి మార్చింది. కాసేపటికి కంప్యూటరు తెర మీద చిలక కనబడింది. తల్లి రెండు చేతులూ జోడించి, ఇక ఎక్కించెయ్యమ్మా అంది.

అప్పుడు త్రిమూర్తులు ఒక్కసారి ఊపిరి బిగబట్టాడు. అతను చూసిందేమిటో నాకు ఆ తర్వాత తెలిసింది. నేను వాళ్ళ వెనక గోడకి ఆనుకుని ఉన్నాను గనుక నాకు కనబడ్డవి మాస్టారి చేతులే. ముందునుంచి చూసేవాళ్ళకి ఆయన తాపీగా నిలబడ్డట్టే ఉంది. వెనక మాత్రం కుడిచెయ్యి ఎడమచేతి మణికట్టుని గోళ్ళు దిగేలా పట్టుకుని ఉంది. ఆ ఎడమచేతి వేళ్ళు ఒకటే ఆడుతున్నాయి, అక్కడ లేని మౌసుని వెతుక్కుంటున్నట్టు. త్రిమూర్తులు ఏదో అనబోతే ఆయన ఒక్క చూపుతో ఆపేశారు.

రత్నం పట్టుచీర ముట్టుకోలేదు. మూలనున్న ముక్కల బుట్టలోంచి ఒక పాతగుడ్డ తీసి మిషనుకి బిగించింది. పొద్దు గడిచిపోతోందమ్మా అని తల్లి కంగారుపడింది. "ఒక్కసారి పాతదాని మీద చూసుకోనివ్వండి అమ్మగారూ" అని రత్నం మిషను వదిలింది. సూది టకటకా ఆడింది. చిలక తయారైంది. రత్నం ఆ గుడ్డ తీసుకెళ్ళి పట్టుచీర మీది ఎడమ చిలక పక్కన పెట్టింది. పెట్టగానే ఆమె మొహం పాలిపోయింది. ఈ చిలక ముక్కున మామిడిరెమ్మ లేదు.

"రెమ్మ లేదండీ మాస్టారూ" అంది. కళ్ళనిండా నీళ్ళు.

గదిలో అందరం ఆయన వైపు తిరిగాం. ఇందాక త్రిమూర్తులు ఊపిరి బిగబట్టింది ఇది చూసే. రెమ్మ ఎక్కడుందో ఆయనకి తెలుసు, త్రిమూర్తులుకీ తెలుసు. ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆ ఒక్క మాట ఎందుకు అనరని నాకే కోపం వచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, చాలా మెల్లిగా, "నేను లేనుగా అమ్మా" అన్నారు.

రత్నం ముక్కు ఎగబీల్చి మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగింది. తనలో తానే గొణుక్కుంది. అమ్మాయిగారు వచ్చి రెమ్మ అడిగింది నిన్ననే కదా, మధ్యాహ్నం కూర్చుని గీసింది నిన్ననే కదా, మరి ఇది మొన్నటి బొమ్మ. డిస్కులో ఏరోజుకారోజు నకలు విడిగా ఉంటుంది. ఇందాక కంగారులో మొన్నటిది తెరిచింది. ఈసారి నిన్నటిది తెరిచింది. చిలక వచ్చింది, ముక్కున మూడాకుల రెమ్మతో సహా. మంగతాయారు గారు హమ్మయ్య అన్నా రత్నం వినిపించుకోలేదు. మళ్ళీ పాతగుడ్డ బిగించింది, మళ్ళీ కుట్టింది, మళ్ళీ ఎడమ చిలక పక్కన పెట్టి ఆకులతో సహా పోల్చుకుంది. అప్పుడు చేతులు కడుక్కుని వచ్చి, నాయనమ్మ చీర మిషనుకెక్కించింది.

పచ్చదారం, ఎర్రదారం, జరీదారం ఒకటొకటే పడుతూ వచ్చాయి. చివరి ఆకు మీద సూది ఆగాక రత్నం దారాలు కత్తిరించి తెరను పరిచింది. రెండు చిలకలూ ఎదురుబొదురుగా చూసుకుంటున్నాయి. మంగతాయారు గారు ఒకసారి దాన్నీ ఒకసారి దీన్నీ వేలితో తడిమి, అత్తగారిని తలుచుకుని ఏడ్చేశారు. రత్నం నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "కంప్యూటరు కాలిందని బెంగపడకండి అమ్మగారూ, నా కొట్టు నేను లేపుకోగలను" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె మాస్టారి వైపు చూడలేదు. థాంక్సూ చెప్పలేదు. ఆ క్షణాన ఆయన అక్కడ ఉన్న సంగతే ఆమెకి గుర్తున్నట్టు లేదు. నేను మాత్రం ఆయన మొహం చూద్దామని గోడ వదిలి ముందుకి వచ్చాను. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. పెళ్ళి తన ఇంట్లోనే అన్నంత వెలుగు ఉంది ఆ మొహంలో.

మంగతాయారు గారు కళ్ళు తుడుచుకుని, మరి మీరేం చేశారండీ అని ఆయన్ని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగారు.

"నిలబడ్డానమ్మా" అన్నారు మాస్టారు.

నా గుండె ఉప్పొంగింది. నేను చేసింది అంతకన్నా తక్కువ, గోడకి ఆనుకున్నానంతే. అయినా ఇలాంటి మనిషి పేరు నా బోర్డు కింద ఉన్నందుకు ఊరంతా పిలిచి చెప్పాలనిపించింది.

మేము బండ్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గబగబా వెనకే వచ్చారు. వాళ్ళ పెయింట్ల కొట్లో కంప్యూటరు నిన్నట్నించి తెరుచుకోవడం లేదట. పాస్‌వర్డు బస్టాండు దగ్గరాయనకి తప్ప ఎవరికీ తెలీదు, ఆయన ఊళ్ళో లేడు. ఏ రంగులో ఏది ఎంత కలపాలో అంతా అందులోనే ఉంది, ఆవిడ భర్త పెళ్ళిపనుల మధ్య దాని ముందు తల పట్టుకుని కూర్చుంటున్నాడు. పెళ్ళయ్యాక మాక్కూడా రత్నానికి నేర్పినట్టు నేర్పిస్తారా అని ఆవిడ అడిగారు.

మాస్టారు త్రిమూర్తులు వైపు తిరిగి, ఆ పని నువ్వు చెయ్యి, ఒక్కడివే వెళ్ళు అన్నారు. త్రిమూర్తులు సంచీలో ఏమేం పెట్టుకెళ్ళాలండీ అని అడిగాడు. మాస్టారు ఎడమ మణికట్టు రుద్దుకుంటున్నారు. దాని మీద నాలుగు గోళ్ళ గుర్తులు ఎర్రగా లేచి ఉన్నాయి. త్రిమూర్తులు వాటిని చూశాడు, చూసి తల దించుకున్నాడు.

మాస్టారు బండెక్కి కూర్చుని, అతని భుజం తట్టి, "సంచీదేముందిలే. చేతులు జాగ్రత్త" అన్నారు.