పిలిచినా పలకని పడవ: నాంచారిలంక అమ్మవారి కథ

గోదావరి పాయ నడుమ పట్టుమని పదెకరాలు లేని చిన్న లంక ఈ నాంచారిలంక. కార్తికం వచ్చిందంటే గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడి తుమ్మచెట్లను తెల్లగా కప్పేస్తాయి. వాటిని చూడటానికి ఆలుమగలు పొద్దున్నే పడవెక్కి వచ్చి, పొద్దుగూకే లోపు తిరిగి వెళతారు. లంకలో బస లేదు, హోటలు లేదు, ఆఖరికి టీనీళ్ళు కూడా దొరకవు. ముందే చెబుతున్నాము, తరువాత మమ్మల్ని తిట్టుకోవద్దు.

లంక మధ్యనున్న చిన్న గుడిలో అమ్మవారు ఒడిలో మూట పెట్టుకుని రేవు వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. చేతిలో ఆయుధం లేదేమని చాలామంది అడుగుతారు. ఆమె యుద్ధానికి రాలేదు, మొగుడితో పక్షుల్ని చూడటానికి వచ్చింది.

పూర్వం ఇక్కడ గంగులు అనే పడవవాడు ఉండేవాడు. అతని భార్య నాంచారి. మెట్ట ప్రాంతం నుంచి కాపురానికి వచ్చిన ఆ పిల్లకు నీళ్ళూ కొత్తే, పక్షులూ కొత్తే. ఏటా ఒడ్డున నిలబడి లంక వైపు చూస్తూ, "ఒక్క పూట నన్నక్కడికి తీసుకెళ్ళు మావా. ఇద్దరం కూర్చుని చూద్దాం" అనేది. గంగులు మంచివాడే. కాకపోతే, ఒడ్డున మనిషి పిలిస్తే పడవవాడు కూర్చోరాదని, మూడు పిలుపులకు పలకకపోతే గోదారమ్మకు కోపమొస్తుందని వాళ్ళ కులంలో నియమం. రేవులో పిలుపులకు కరువా? "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు. అలా ఏడేళ్ళు గడిచాయి. ఊరందరినీ దాటించిన మొగుడు తనతో ఒక్క పూట కూర్చోలేదన్న దిగులు ఆమెను లోపల్లోపల తినేసింది.

ఎనిమిదో ఏట కార్తికంలో ఒక ఆదివారం ఆమె అటుకులూ బెల్లమూ మూటగట్టుకుని తానే ముందుగా వెళ్ళి పడవలో కూర్చుంది. గంగులుకు నవ్వొచ్చింది. పడవ లంకకు తిప్పాడు.

తుమ్మచెట్టు కింద ఇద్దరూ కూర్చున్నారు. పైన మగపక్షి పుల్ల తెచ్చి అందిస్తుంటే ఆడపక్షి గూట్లో సర్దుకుంటోంది. "చూశావా, పుల్ల ఇచ్చేసి పారిపోకుండా పక్కనే ఎలా నిలబడిందో!" అని నాంచారి మొగుణ్ణి దెప్పింది. అంతలో అవతలి ఒడ్డు నుంచి "ఓయ్ పడవా!" అని కేక వినిపించింది.

గంగులు లేచాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఒక్కడే ఉన్నాడే. దించేసి ఇట్టే వస్తా."

"నువ్వొచ్చాకే మూట విప్పుతా" అని ఆమె చెయ్యి వదిలేసింది.

అతణ్ణి దించేసరికి పెళ్ళివారు ఎదురయ్యారు. వాళ్ళను దాటించేసరికి మందుకోసం వెళ్ళే ముసలాయన పిలిచాడు. ఈ ఒక్కరినీ, ఈ ఒక్కరినీ అనుకుంటూనే సాయంత్రమైంది. అప్పుడు గాలివాన పట్టుకుంది. ఏరు పొంగింది. మూడు రోజులు ఏ పడవా రేవు దాటలేదు. గంగులు ఒడ్డున పడి గుండెలు బాదుకున్నాడు.

నాలుగో రోజు లంకకు చేరేసరికి నాంచారి లేదు. మూట మాత్రం కొమ్మకు వేలాడుతోంది, కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఏడ్చి ఏడ్చి మధ్యాహ్నపు ఎండలో అతనికి కునుకు పట్టింది. కలలో ఆమె కనిపించి, "చెట్టు మొదట్లో ఉన్నాను. తవ్వి తియ్యి. ఈసారి వస్తే వెళ్ళకు" అన్నది. తెడ్డుతో తవ్వగా ఇప్పుడు మనం పూజించే శిల బయటపడింది. దాన్ని నిలబెడుతుండగా ఒడ్డున మళ్ళీ "ఓయ్ పడవా!" అన్నారు. మూడుసార్లు పిలిచారు. గంగులు అమ్మవారి పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. గోదారమ్మ కోపగించుకోలేదు.

నేటికీ కార్తికం రెండో ఆదివారం పొద్దున్నే జంటలను లంకకు చేర్చి, రెండు ఒడ్డుల రేవులూ మూసేస్తారు. పడవవాళ్ళు తమ భార్యలతో, భక్తులు తమ జంటలతో లంకలో కూర్చుంటారు. ఒడ్డు నుంచి మూడుసార్లు పిలుస్తారు. ఎంత పెద్ద అధికారి వచ్చి నిలబడినా సరే, ఎవరూ లేవరాదు, పలకరాదు. సెల్‌ఫోన్లకూ ఇదే నియమం. ఆ తరువాతే అటుకుల మూట విప్పి ఇద్దరూ తింటారు. అలా చేసిన దంపతులను అమ్మ ఎడబాపదని నమ్మకం.

పిలిచే పని భార్య పోయినవాడికి అప్పగిస్తారు. ఆరేళ్ళుగా ఆ పని ఈ గుడి పూజారినైన నాదే. మా ఆవిడ సూరమ్మ ముప్పై ఏళ్ళు నైవేద్యాలు వండి పడవకిచ్చి పంపింది. తననూ తీసుకెళ్ళమని అడిగినప్పుడల్లా, ఉత్సవం పనులు ఎవరు చూస్తారని కసిరాను. ఇప్పుడు ఉత్సవం నేను లేకుండానే జరుగుతోంది.

దంపతులారా, తప్పక రండి. ఒడ్డు నుంచి నేను పిలుస్తాను. మీరు పలకకండి.