ఈకల చెట్టుకు వంట

వంటవాడు చెంగల్రాయుడికి గర్వమనేది బొత్తిగా లేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా తానే అందరికీ చెప్పేవాడు. ఆకలితో వచ్చినవాణ్ణి కడుపు పట్టినంత తినిపించి, ఆ పైన ఇంకో గరిటె వెయ్యకుండా పంపడం తనకు చేతకాదని, తనలో ఉన్న ఒకే ఒక లోపం అదేనని ఒప్పుకునేవాడు. ఒప్పుకునేటప్పుడు అతని ముఖం నెయ్యి రాసినట్టు మెరిసేది.

మదనపల్లెకు కాస్త ఎగువన, ఒక గుట్ట కింద ఓబుళస్వామి మఠం ఉంది. మఠమంటే పెద్దదేం కాదు. మూడు గదులు, ఒక వసారా, వెనక వంటిల్లు. స్వామి ఒకప్పుడు వడ్రంగం చేసినవాడు. ఇప్పుడు వచ్చినవాళ్లకు బోధ చెప్తాడు, అదీ తనకు తోచినప్పుడు.

అంతకుముందు ఏళ్ల తరబడి పెళ్లిళ్లకు వండిన రాయుడు ఆరేళ్ల కిందట వచ్చింది ఆ బోధ కోసమే. వచ్చిన రోజు వంటమనిషి జ్వరంతో పడుకుంటే, సాయానికని గరిటె పట్టుకున్నాడు. గరిటె చేతిలోనే ఉండిపోయింది. తన తర్వాత వచ్చినవాళ్లు నలుగురు బోధ తీసుకుని, తను చేసిన పాయసం తిని, మూతి తుడుచుకుని వెళ్లిపోయారు.

ఆ ఎండాకాలం మొదట్లో ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"సామీ, నా వంతు ఎప్పుడు?"

స్వామి కిటికీ పక్కనున్న కుండీ వైపు చూశాడు. ఎవరో భక్తుడు కొండ మీద నుంచి తెచ్చిచ్చిన ఫెర్న్ మొక్క అది. పువ్వు లేదు, కాయ లేదు, ఈకల్లాంటి ఆకులే. గిన్నెలు తోమే గంగులమ్మ దాన్ని ఈకల చెట్టు అనేది.

"దీన్ని నీ చేతిలో పెడతా ఉండా. వానలు పడేదాకా బతికించు. అప్పుడు మాట్లాడుకుందాం."

రాయుడు లోపల్లోపల నవ్వుకున్నాడు. పండగనాడు రెండు వందల విస్తళ్లు లేపినవాడికి ఒక కుండీ లెక్కా. బతికించడం కాదు, దీన్ని కిటికీ పట్టనంత చేసి చూపిస్తాననుకున్నాడు.

మొదటి రోజు బియ్యం కడిగిన నీళ్లు పోశాడు. రెండో రోజు వడగట్టిన టీపొడి, పాలూ చక్కెరా కలిసిన తడితోనే. మూడో రోజు అరటితొక్కలు, బంగాళాదుంప చెక్కు వేళ్ల దగ్గరిదాకా దోపాడు. గుడ్డుపెంకు మంచి బలమని ఎక్కడో విన్నాడు. మఠంలో గుడ్డు మాటే ఎత్తకూడదు గనుక, గంగులమ్మ చేత ఇంటి నుంచి కాగితంలో చుట్టి తెప్పించాడు.

"పెంకులు చాలునా అన్నా, అట్టు కూడా పోసి తెమ్మంటావా?" అని అడిగిందామె.

వారం తిరిగేసరికి చారుగిన్నె అడుగు కూడా ఆ కుండీలోకే పోతూ వచ్చింది. ఉప్పూ పులుపూ లేని తిండి ఏ ప్రాణికీ రుచించదని రాయుడి నమ్మకం.

ముందు చీమలు వచ్చాయి. తర్వాత సన్న ఈగలు. ఆ తర్వాత వాసన. స్వామిని చూడవచ్చినవాళ్లు నమస్కారం పెట్టే చేతుల్ని కాస్త ముందుగానే ముక్కు దగ్గరికి తెచ్చుకోసాగారు. ఆకుల కొనలు పెనం మీద మరిచిపోయిన దోసె అంచుల్లా ఎర్రబడ్డాయి.

"అన్నా, దీనికి అజీర్తి చేసినట్టుండాది," అంది గంగులమ్మ.

"నీకు తెలీదులేమ్మా. బలం చాలక అట్లుండాది," అని రాయుడు ఆ పూట రెండింతలు పెట్టాడు.

అయినా లోపల బెదురు మొదలైంది. ఎండిన వైపు గోడకు తిప్పి, పచ్చటి వైపు స్వామి పీటకు ఎదురుగా ఉంచాడు. మర్నాడు స్వామి తన పీట తానే ఎత్తుకుని గోడవారకు మార్చుకున్నాడు. నాలుగు రోజులకు తిప్పడానికి పచ్చటి వైపే మిగల్లేదు.

ఆ రోజు రాయుడు చారులో చింతపండు వెయ్యడం మరిచిపోయాడు. ఆరేళ్లలో అదే మొదలు. తిన్నవాళ్లెవరూ ఏమీ అనకపోవడంతో ఇంకా కుంగిపోయాడు. మర్నాడు పొద్దున్నే కుండీ ఎత్తుకుని స్వామి ముందు పెట్టాడు.

"సామీ, ఇది పోతా ఉండాది. దీంతోపాటు నా బోధ కూడా పోతుంది. తిండికి మాత్రం నేను లోటు చెయ్యలేదు. మనుషులకు పెట్టినట్టే పెట్టినాను."

స్వామి కుండీని ఒకసారి, రాయుణ్ణి ఒకసారి చూశాడు.

"ఈ మధ్యాన్నం నేను వడ్డిస్తా. నువ్వు కూర్చో."

రాయుడు బిత్తరపోయాడు. గురువు చేతి వంట తినే యోగం ఆ నలుగురిలో ఎవరికీ పట్టలేదు. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని విస్తరి ముందు కూర్చున్నాడు.

స్వామి తీరిగ్గా వడ్డించాడు. విస్తరి మధ్యన గుప్పెడు బియ్యం. పక్కన కందిపప్పు. తొడిమతో సహా ఒక వంకాయ. చిన్న చింతపండు ఉండ, రెండు ఎండుమిరపకాయలు. చివర్న బియ్యం మీద చెంచాడు నెయ్యి వేసి, "తిను నాయనా," అన్నాడు.

రాయుడు నవ్వబోయి, స్వామి నవ్వకపోవడం చూసి ఆగాడు. గురువు వడ్డించింది కాదనకూడదని నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు. వంకాయ కొరికాడు. మింగుడు పడలేదు.

"ఏమి రాయుడూ, బాగలేవా? సంతలో ఏరి తెచ్చింది నువ్వే కదా."

"అన్నీ మంచివే సామీ. కానీ పచ్చివి."

స్వామి నేతి గిన్నె అందుకున్నాడు. ఇంకో చెంచాడు నెయ్యి వేశాడు.

రాయుడు దవడ ఆపాడు. కుండీ వైపు చూశాడు. మట్టిలో నుంచి నల్లబడిన అరటితొక్క ఒకటి బయటికి తొంగి చూస్తోంది. ముప్పై ఏళ్లుగా ఒక్క మెతుకు పలుకుగా ఉన్నా వడ్డించనివాడు, ఆ తొక్కను చూసి విస్తరి పక్కకు జరిపాడు.

"దానికి ఏ పొయ్యి మీద వండాల సామీ?" అన్నాడు చివరికి.

స్వామి లేచి, పెరట్లోంచి మూతి విరిగిన పాత కుండ తెచ్చాడు. మేకుతో అడుగున నాలుగు చిల్లులు పొడిచాడు. నీడలో రెండు రాళ్ల మీద దాన్ని నిలబెట్టి, లోపల ఎండాకులు పరిచాడు. రాయుడు విస్తరి ఎత్తి, నెయ్యి తగలని వంకాయ, పప్పు అందులో వేశాడు. వాటి మీద మళ్లీ ఎండాకులు, గుప్పెడు మట్టి, పైన ఒక కుండపెంకు మూత.

"మంట?"

"అక్కర్లేదు."

"ఎంతసేపు?"

"రెండు మూడు నెలలు."

రాయుడు జీవితంలో అంత ఆలస్యమైన వంట చెయ్యలేదు. ఈలోగా ఇద్దరూ కలిసి మొక్కను కుండీలోంచి తీశారు. కుళ్లిన వేళ్లు తీసేసి, మిగిలినవి కడిగి, ఎండిన ఆకులన్నీ కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టారు. పుట్టువెంట్రుకలు తీయించిన బిడ్డ తలలా అయింది.

ఆ తర్వాత రాయుడు చేసిందల్లా మట్టి తడిగా ఉంచడం, తొక్కలూ చెక్కులూ కడిగిన టీపొడీ ఆ కుండలో వెయ్యడం. చారు మాత్రం వెయ్యలేదు. రోజుకు నాలుగుసార్లు మూత తీసి చూసేవాడు.

"గరిటె పెట్టి కలపరాదా అన్నా, అడుగంటుతుందేమో," అనేది గంగులమ్మ. అతను నిజంగానే కలిపేవాడు.

రెండు నెలలు దాటాక ఒకనాడు మూత తీస్తే నల్లటి పొడి తగిలింది. పిడికెడు తీసి వాసన చూశాడు. కళ్లు మూసుకుని పోపులో ఏది ఎక్కువైందో చెప్పగల ముక్కు అది. అందులో అరటితొక్క ఏదో, వంకాయ ఏదో, టీపొడి ఏదో దానికి దొరకలేదు. తొలి చినుకుకు తడిసిన నేల వాసన ఒక్కటే.

బేసిన్ నిండా ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. స్వామి బేసిన్‌లోంచి ఒక్క గుప్పెడు తీసి కుండీ అంచున చల్లి, మిగతాది వెనక్కి తోశాడు.

"ఇంకొంచెం వేద్దాం సామీ, పాపం."

స్వామి అతని వైపు చూశాడు. రాయుడు బేసిన్ తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

వానలు మొదలైన వారానికి మోడు మధ్యలోంచి ఒక మొలక లేచింది. ఇంకా విప్పుకోలేదు, చిట్టి మురుకులా చుట్ట చుట్టుకుని ఉంది. రాయుడు దాన్ని ముట్టుకోలేదు. గంగులమ్మను పిలిచి చూపించాడు. ఆమె కూడా వేళాకోళం చెయ్యలేదు.

ఆ గురువారం స్వామి అతన్ని లోపలికి పిలిచి, తలుపు వేసి, బోధ చెప్పాడు. పాలు పొంగేపాటి సేపు కూడా పట్టలేదు. మొత్తం నాలుగు మాటలు.

అది జరిగి మూడేళ్లయింది. ఈకల చెట్టు ఇప్పుడు వసారాలో ఐదు కుండీలైంది. వచ్చినవాళ్లు ఆ ఆకుల్ని మెచ్చుకుని, పనిలో పనిగా, నీకు స్వామి చెప్పిన బోధకు అర్థమేమిటని రాయుణ్ణి అడుగుతుంటారు.

"మాటలు నోటికొచ్చు," అంటాడు రాయుడు. "అర్థం ఇంకా తెలీదు. అది కుండలో మాగతా ఉండాది."