ఐదు గొంతులు

"స్వామీ, ఈ ప్రాణభయం నన్ను ఎప్పుడు వదుల్తుంది?" అని చౌడప్ప అడిగినప్పుడల్లా శాంతలింగస్వామి, "బండ ఎప్పుడు తెస్తావు?" అని ఎదురడిగేవాడు.

చౌడప్ప నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. మఠం వాకిట పరచడానికి పెద్ద బండ ఇస్తానని మొక్కుకున్నాడు. మఠమేమో గుట్ట మీద ఉంది. దారి ఇరుకు, ట్రాక్టరు ఎక్కదు. మనుషులే దుంగల మీద దొర్లించుకుంటూ లాగాలి. ఆ పని తెచ్చి రోహిణి కార్తెలో పెట్టుకున్నాడు. రోళ్ళు పగిలే ఎండలో పని చేయించినవాడికి ఇక దేనికీ భయం ఉండదని అతని లెక్క.

ఆరుగురు మోకుతాళ్ళు పట్టారు. చౌడప్ప ముందు నిలబడి పాట ఎత్తుకుంటే, వాళ్ళు "ఐలేసా" అని అందుకుని ఒక్క ఊపున లాగుతున్నారు. సగం దారిలో మద్దిలేటి మోకు వదిలాడు.

"మేస్త్రీ, గుక్కెడు నీళ్ళు తాగొస్తా."

"ఇందాకనే తాగితివి కదప్పా. బండ లాగను వచ్చినావా, కుండ ఖాళీ చేయను వచ్చినావా?"

అందరూ నవ్వారు. మద్దిలేటి కూడా నవ్వి మళ్ళీ మోకు పట్టాడు. ఆ తర్వాత నీళ్ళు అడగలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. పాటకు మద్దిలేటి గొంతు కలపడం లేదని చౌడప్ప గమనించకపోలేదు. మాటకు అలిగినాడులే అనుకున్నాడు. అలిగినవాణ్ణి బతిమాలితే పని సాగదు. అందుకని తన గొంతు ఇంకా పెంచాడు.

మఠం తలుపు తెరుచుకుంది. స్వామి చెప్పులైనా లేకుండా ఆ కాలే నేల మీద నడిచి వచ్చాడు.

"చౌడప్పా, లాగేది ఆరుగురు. పాడేది ఐదుగురే. ఆరోవాడు ఏడీ?"

చౌడప్ప అప్పుడు తిరిగి చూశాడు. మద్దిలేటి చేతులు మోకు మీదే ఉన్నాయి. కాళ్ళు కదులుతున్నాయి. కళ్ళు మాత్రం ఎక్కడో ఉన్నాయి. భుజం మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. పక్కవాళ్ళ ఒళ్ళు చెమటతో కారిపోతుంటే ఇతని ఒంటి మీద చుక్క లేదు. మద్దిలేటి మేస్త్రీ ముఖంలోకి చూసి మెల్లగా అన్నాడు.

"అమ్మా, పొయ్యి ఆర్పే."

అని కూలిపోయాడు.

దుంగల కింద రాళ్ళు అడ్డం వేసి, అతన్ని మఠం నీడకు మోశారు. చౌడప్ప చెంబు తెచ్చి నోట్లో పోయబోతే స్వామి చెయ్యి పట్టుకున్నాడు. "తెలివి తప్పినవాడికి నోట్లో పోయొద్దు. ఒంటి మీద గుమ్మరించు." చొక్కా విప్పి, తడిగుడ్డలు కప్పి, విసురుతూనే గుట్ట కిందికి మోసి, ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఆ దారి పొడవునా చౌడప్ప అతని గొంతు దగ్గర చెవి పెట్టి, ఒక్క మాట కోసం, కనీసం ఒక్క మూలుగు కోసం విన్నాడు. పొద్దు వాలేదాకా ఏమీ వినబడలేదు. ఆ తర్వాత మద్దిలేటి నీళ్ళు అడిగాడు. అడిగినవాడు మేస్త్రీని చూసి, తప్పు చేసినట్టు నోరు మూసుకున్నాడు.

ఆ చూపు చౌడప్పను వదల్లేదు.

బండ దారిలోనే ఉండిపోయింది. మళ్ళీ లాగే రోజు చౌడప్ప తెల్లవారుజామునే మనుషుల్ని పిలిచాడు. వేపచెట్టు నీడన నీళ్ళ కుండ పెట్టించాడు. ఎండెక్కకముందే పని ఆపించాడు. వాళ్ళు పాట ఎత్తుకోమంటే మాత్రం ఒప్పుకోక ఇంకొకడికి అప్పగించాడు. తాను పక్కన నడుస్తూ ఒక్కొక్క గొంతూ విన్నాడు. ఎవడైనా దగ్గినా, ఒక్క పట్టు ఆలస్యంగా అందుకున్నా పరుగున వెళ్ళి వాడి ఒళ్ళు తాకి చూసేవాడు.

ఆ సాయంత్రం స్వామి పాదాల దగ్గర కూర్చున్నాడు.

"స్వామీ, భయం పోలేదు. ఉన్నది పెరిగింది. ముందు నా ఒక్కడికోసమే ఉండేది."

స్వామి లేస్తూ అన్నాడు.

"అయితే రేపటినుంచి పాట నువ్వే ఎత్తుకో."