ముద్ర వేసిన ఖాళీ ఆకు

మూడు వాగులు కలిసే చోట ఉన్న అడవిలో నాలుగు దిక్కులా నాలుగు బడులు ఉండేవి. తూర్పున వాగొడ్డున నీటికుక్క ఈత నేర్పేది. పడమట తుమ్మల్లో గిజిగాడు గూళ్లు అల్లడం నేర్పేది. ఉత్తరాన కొండమీద ఎలుగుబంటి వేర్లు, దుంపలు, మందుల గురించి చెప్పేది. దక్షిణాన పాత రాళ్లగుంతలో గుంటనక్క ఒక బడి తెరిచింది. దాని సంగతి పైన పటారం, లోన లొటారం. గుమ్మానికి నెమలి ఈకల తోరణాలే గాని లోపల పాఠం చెప్పే నాథుడు లేడు.

ముళ్లపంది పిల్ల సూదమ్మకు ఎలుగుబంటి బడిలో చేరాలని ఉండేది. కిందటేడు వాళ్ల నాన్న కొత్తరకం దుంప ఒకటి తిని మూడు రోజులు లేవలేదు. ముళ్లపందులు పుట్టిన దగ్గర్నుంచి దుంపలు తవ్వేవే. అయినా ఏది తిండో, ఏది విషమో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియలేదు. అప్పటినుంచి సూదమ్మ నోటికి తాళం పడలేదు. "ఇది చేదెందుకమ్మా? అది ఎర్రగా ఎందుకుంది? చీమలు దీన్ని ముట్టవేం?"

"నన్నడిగితే నేనేం చెప్పనే! కొండమీది ఎలుగుబంటిని అడుగు," అనేది తల్లి.

అడగాలంటే ముందు బడిలో చేరాలి. చేరడం అంత తేలికా? ఒక బడి టేకాకు మీద రాసి తెమ్మనేది, ఒకటి మోదుగాకు మీద, ఒకటి తామరాకు మీద. అన్నింటికీ గడువు ఒకటే, తొలకరి ముందు రోజు. ముళ్లపంది నడకకు ఒక బడి చేరేసరికి మిగతా మూడింటి గడువు దాటిపోయేది. సూదమ్మ అక్క కిందటేడు కొండెక్కి, ఒక్కరోజు ఆలస్యమై, ఏడుస్తూ దిగొచ్చింది.

ఈ ఏడు సాలీడు ఒక ఏర్పాటు చేసింది. మద్దిచెట్టు మొదట్లో కూర్చుని నాలుగు బడులకూ నాలుగు దారాలు లాగింది. ఇక ఎవరైనా సరే ఒక్క ఆకు మీద తమకు నచ్చిన బడుల పేర్లు వరుసగా రాసి, కింద అడుగు ముద్ర వేసి, మధ్యలో తగిలిస్తే చాలు. దారం కదిలి నాలుగు దిక్కులా కబురు అందుతుంది. గడువు లోపల ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కానీ ఒకసారి ముడి వేస్తే ఇక అంతే. వచ్చిన సీటులో ఆ వానాకాలమంతా చదివి తీరాలి. అది ఏనుగు పెద్దాయన పెట్టిన కట్టుబాటు.

ఏర్పాటు బాగానే ఉంది. కానీ దారం ముట్టుకోవడానికే అందరికీ భయం.

"అంటుకుంటుందేమో," అంది కుందేలు.

"తెగితే మనమీదికి వస్తుంది," అంది తాబేలు.

సరిగ్గా అప్పుడే నక్క వచ్చి చెట్టు కింద చాప పరిచింది. "ఎందుకర్రా ఈ తిప్పలు? మీ అడుగు ముద్ర వేసి ఖాళీ ఆకు నా చేతిలో పెట్టండి. మిగతాది నేను చూసుకుంటా. చిరిగితే పనికొస్తుంది, రెండేసి ఆకులివ్వండి."

"ఊరికేనా మామా?" అంది తాబేలు.

"మన పిల్లల చదువు కోసం ఆ మాత్రం చెయ్యలేనా!" అంది నక్క, కళ్లు తుడుచుకుంటూ.

రాళ్లగుంతలో బడి పెట్టిన గుంటనక్క ఈ నక్కకు బావ. చేర్చిన ఒక్కో పిల్లకూ ఒక పీత చొప్పున ఇస్తానని ఈ నక్కకు మాటిచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అందరూ వరసలో నిలబడి, ముద్రలు వేసి, ఖాళీ ఆకులిచ్చి, పెద్ద పని అయిపోయినట్టు ఇళ్లకు పోయారు. సూదమ్మ చేత కూడా తల్లే రెండు ముద్రలు వేయించింది.

మర్నాడు సూదమ్మకు దురద మొదలైంది. దురదంటే ఒంటిమీద కాదు, మనసులో. నక్క దగ్గరికి వెళ్లింది.

"మామా, నా ఆకులో ఏం రాశావు?"

"రాయాల్సిందే రాశాను."

"ముందు ఏ బడి?"

"మంచి బడి."

"కొండమీదిదేనా?"

"అబ్బ, ఇదేం పిల్లరా బాబూ! పెద్దవాళ్ల మాటమీద నమ్మకం ఉండాలి. వెళ్లు, వెళ్లి ఆడుకో."

సూదమ్మ వెళ్లింది. కానీ ఆడుకోవడానికి కాదు. నక్క మధ్యాహ్నం వాగుకు నీళ్లకు పోయేదాకా పొదలో కూర్చుని, అప్పుడు సాలీడు దగ్గరికి వెళ్లింది.

"అత్తా, నా ఆకు నేను చూసుకోవచ్చా?"

"నీది నువ్వు చూసుకోక ఎవరు చూస్తారే? దారం మీద అడుగుపెట్టు. ఎవరి అడుగు అదురు వాళ్లది, నేను గుర్తుపడతాను."

సూదమ్మ కళ్లు మూసుకుని కాలు పెట్టింది. ఏమీ అంటుకోలేదు. సాలీడు చుట్ట విప్పి ఆకు చూపించింది. అందులో ఒకే ఒక్క పేరు ఉంది. రాళ్లగుంత బడి.

సూదమ్మ ముళ్లన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. "ఇది నేను రాయలేదత్తా! ముద్ర వేసిన ఖాళీ ఆకులు రెండు నక్కమామకిచ్చానంతే."

"ముద్ర నీదే కదా తల్లీ. నాకు తెలిసింది ముద్రే."

"ఇప్పుడు మార్చేస్తే?"

"మార్చు. కానీ నీ ముద్ర వేసిన ఆకు ఇంకొకటి వాడి దగ్గరుందంటున్నావు కదా. సాయంత్రానికి వాడు మళ్లీ మార్చేస్తాడు. ముడి వేస్తేనే నిలుస్తుంది. ముడికి మాత్రం ఎవరి కాలు వాళ్లదే కావాలి. ఆకు ముద్ర పనికిరాదు."

"ముడి ఎలా వెయ్యాలి?"

"మూడు మెలికలు, ఒక లాగుడు. చెబితే రాదు, చూడాలి. నా కాళ్లు ఎనిమిది, మీవి నాలుగు. నాలుగు కాళ్లవాళ్లెవరైనా చేసి చూపిస్తే వస్తుంది."

సూదమ్మ ఇంటింటికీ తిరిగింది. నక్క అటు తిరగ్గానే కుందేలు పోయి చూసుకుంది, తాబేలు పోయి చూసుకుంది. అందరి ఆకుల్లోనూ రాళ్లగుంతే.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది," అంది తాబేలు.

"ఇంకా కాలలేదు తాతా," అంది సూదమ్మ. "రేపు గడువు. ముళ్లపందిని, అడగడం తప్ప నాకేం వచ్చు? అదే చేస్తాను."

చివరిరోజు పొద్దున అందరూ మద్దిచెట్టు కింద చేరారు. ముడి వేయించుకోవడానికే వచ్చారనుకుని నక్క మీసాలు దువ్వుకుంది.

"ఒక్కొక్కరే రండి. కాలు నేను చెప్పినచోట పెట్టండి, మెలికలు నేను తిప్పిస్తా."

"మామా, నాకు భయమేస్తోంది," అంది సూదమ్మ. "ముడి అంటే ఎలా ఉంటుంది?"

"ముడిలాగే ఉంటుంది."

"కాలు ఇరుక్కుంటుందా?"

"ఇరుక్కోదే!"

"నీకు వేయడం వచ్చా అసలు? సాలీడత్త నాలుగు కాళ్లవాళ్లకు రాదంది."

నక్కకు రోషం పొడుచుకొచ్చింది. "నాకు రాదా? ఈ అడవిలో నాకు రాని విద్య ఉందా?"

"నక్క ఎక్కడ, నాకలోకమెక్కడ," అని గొణిగింది కుందేలు, అందరికీ వినపడేట్టు.

"ఎవర్రా అన్నది? చూడండి, కళ్లు బాగా తెరిచి చూడండి!" నక్క ఒక ఆకు లాక్కుని, రాసి రాసి అలవాటైన పేరే అందులో గీకి, తన ముద్ర వేసి తగిలించింది. "ఇదిగో ఒకటో మెలిక. ఇదిగో రెండు. ఈ కాలు కిందనుంచి తెస్తే మూడు. ఇప్పుడు లాగాలి. ఇంతే! బ్రహ్మవిద్యా?"

"ఇంతేనా మామా! ఇంకొకసారి చెప్పవూ, ఏ కాలు కిందనుంచి?"

"ఎడమ కాలు!"

ఆ మాట పూర్తికాకముందే సూదమ్మ తన ముల్లుతో కొత్త ఆకుమీద ముందు ఎలుగుబంటి బడి, తర్వాత గిజిగాడిది, ఆపైన నీటికుక్కది రాసి, ముద్ర వేసి తగిలించేసింది. మూడు మెలికలు తిప్పి ఎడమ కాలితో లాగింది. ముడి పడింది. వెనకాలే కుందేలు, దాని వెనక తాబేలు, దాని వెనక అడవంతా.

నక్క ఉలిక్కిపడి దాచుకున్న రెండో ఆకులు గుప్పెళ్లతో తీసి దారానికి తగిలించబోయింది. ఒక్కటీ నిలవలేదు. ముడి పడిన చోట ఇంకో ఆకు పట్టదు. ఎండుటాకుల్లా అన్నీ కిందికి రాలిపోయాయి.

"సరే, సరే," అంది నక్క చెమటలు తుడుచుకుంటూ. "అక్కా, నాది ఊరికే చూపించడానికి వేసింది. విప్పెయ్యి."

"ముద్ర నీదే కదా తమ్ముడూ," అంది సాలీడు.

తొలకరి పడింది. సీట్లు తెలిశాయి. కుందేలుకు ఈత బడి రాలేదు, రెండో కోరిక గిజిగాడి బడి వచ్చింది. రెండు రోజులు మూతి ముడుచుకుని మూడో రోజు పోయి చేరింది. సూదమ్మ తడుస్తూ కొండెక్కింది. ఎలుగుబంటి ఒక నల్లటి వేరు ముందు పెట్టి, "దీన్ని చూస్తే నీకేమనిపిస్తోంది?" అంది.

"ముందు నేనొకటి అడగొచ్చా గురువుగారూ?" అంది సూదమ్మ.

అదే సమయానికి రాళ్లగుంతలో నెమలి ఈకల తోరణాలు వానకు తడిసి వేలాడుతున్నాయి. లోపల గుంటనక్క హాజరుపట్టీ తెరిచి, ఉన్న ఒక్క పేరు పిలిచింది.

"ఉన్నాను బావా," అంది నక్క మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి.

ఇతరుల చేతికి ఖాళీ ఆకు ఇచ్చినవాడు వాళ్లు రాసిన దారినే నడవాలి, అడిగి తెలుసుకున్నవాడు తన దారి తానే రాసుకుంటాడు.